వంటసోడా పక్కన తెల్ల పొడి

పశ్చిమ గోదావరి జిల్లా నుంచి ఒకావిడ రాసిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ వేయొద్దన్నారు. మొత్తం నాలుగు పేజీలు, అందులో ఒకటిన్నర పేజీ మరిది గురించే. కుదించి చెబుతున్నాను.

ఆవిడకు నలభై ఏడేళ్ళు. ఆరేళ్ళ కిందట భర్త ఉద్యోగం పోతే, అత్తగారి చేతి రుచిని నమ్ముకుని జంతికలు, చేగోడీలు, గవ్వలు చేసి అమ్మడం మొదలుపెట్టారు. ఇప్పుడు అయిదుగురు ఆడవాళ్ళు ఆవిడ దగ్గర పనిచేస్తున్నారు. నెలకు ఎనిమిది డబ్బాల పొద్దుతిరుగుడు నూనె అయిపోతుంది, డబ్బాకి 15 కిలోలు. హైదరాబాద్‌లో రెండు అపార్టుమెంట్లు ఖాయమైన బేరం. పొట్లం మీద స్టిక్కర్: "ఇంటి రుచి. ప్రిజర్వేటివ్స్ లేవు."

ఈ వానాకాలం రెండు దెబ్బలు ఒకేసారి తగిలాయి. హైదరాబాద్ పంపిన పార్సిల్‌లో పన్నెండు కిలోలు వెనక్కి వచ్చాయి. కొన్ని మెత్తబడ్డాయి, చాలావాటికి కనరు వాసన. అదే వారం చిన్నమ్మాయి వంటశాల ఫోటో ఒకటి కొనేవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. అందులో ఒకావిడ ఫోటోని పెద్దది చేసి, నూనె డబ్బా మీద "పర్మిటెడ్ యాంటీఆక్సిడెంట్ ఐఎన్ఎస్ 319" అన్న అక్షరాల చుట్టూ ఎర్రగీత గీసి తిరిగి పెట్టింది. "ఇది టీబీహెచ్‌క్యూ. పెట్రోలు నుంచి తీస్తారు, క్యాన్సర్ తెస్తుంది, జపాన్‌లో నిషేధం. పిల్లలకు విషం పెడుతూ ప్రిజర్వేటివ్స్ లేవంటారా?" సాయంత్రానికి ఎనిమిది ఆర్డర్లు పోయాయి.

రసాయనాల కంపెనీలో సరఫరా చూసే మరిది ఇది విని, వంద గ్రాముల పొట్లం తెచ్చాడు. అదే 319, తెల్ల పొడి. "ఎలాగూ మాట పడ్డావు వదినా, పిండిలో చిటికెడు వెయ్యి, ఆరు నెలలు కదలదు. పెద్ద కంపెనీలన్నీ చేసేదే" అన్నాడు. "ఆ పొడి పొయ్యి దగ్గరికొస్తే నేను పొయ్యి దగ్గరికి రాను" అని అత్తగారు. భర్త పేపరు చదువుకుంటున్నారట.

"నాలుగేళ్ళ మనవడు రోజంతా డబ్బాలో చెయ్యి పెట్టి జంతికలు తింటూనే ఉంటాడు మాస్టారూ. పుట్టినప్పటి నుంచీ వాడికి విషం పెట్టానా? పొడి వంటసోడా పక్కన పెట్టి వెళ్ళాడు. దాన్ని చూస్తుంటే నిద్ర పట్టడం లేదు. కలపనా, పారబోయనా, అసలీ వ్యాపారమే మానేయనా? నూనె వృథా చేసే అలవాటు కూడా మాకు లేదు, మిగిలింది వడగట్టి మర్నాడు కొత్తదాన్లో పోస్తాం. ఇంత పొదుపుగా నడుపుకొస్తే ఇలా అయింది."

అమ్మా,

ముందు మనవడి సంగతి. అది తేలేదాకా మిగతాది మీ తలకెక్కదు.

డబ్బా మీది 319 అంటే టీబీహెచ్‌క్యూకి ఇచ్చిన నంబరు. నూనెలో అది కిలోకి 200 మిల్లీగ్రాములు మించకూడదని మన దేశపు ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నియమం. అమెరికాలో 1972 నుంచి దీన్ని అనుమతించారు, అక్కడా హద్దు ఇదే. ఇక మనిషి జీవితాంతం రోజూ తిన్నా ఫరవాలేదని నిపుణులు లెక్కగట్టిన మోతాదు ఒకటుంది. ఒంటి బరువు కిలోకి 0.7 మిల్లీగ్రాము. కుక్కల మీద చేసిన పరీక్షల్లో ఏ హానీ కనబడని మోతాదుని తీసుకుని, దాన్ని వందో వంతుకి తగ్గిస్తే వచ్చిన అంకె అది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2004లో మళ్ళీ చూసి, అదే అంకె దగ్గర నిలబడింది.

మీ వాడు పదహారు కిలోలున్నాడనుకోండి. వాడి హద్దు రోజుకి 11 మిల్లీగ్రాములు. అది చేరాలంటే, నూనెలో నిండు మోతాదు ఉందనుకున్నా, 56 గ్రాముల నూనె కడుపులోకి వెళ్ళాలి. జంతికలో మూడో వంతు నూనె అనుకుంటే 170 గ్రాముల జంతికలు, అదీ రోజూ. వేయించేటప్పుడు ఆ పదార్థంలో కొంత ఆవిరైపోతుంది కూడా, అది నేను లెక్కలో వేయలేదు. మీలాంటి పెద్దవాళ్ళు అరవై కిలోలుంటే హద్దు 42 మిల్లీగ్రాములు, అంటే 210 గ్రాముల నూనె. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు రోజు మొత్తానికి చెప్పే నూనె ముప్ఫై గ్రాముల లోపే.

కాబట్టి విషం పెట్టలేదు. కానీ నాలుగేళ్ళ పిల్లాడు రోజంతా జంతికల డబ్బాలో చెయ్యి పెడుతున్నాడంటే అన్నం ఎప్పుడు తింటున్నాడమ్మా? 319 ఉన్నా లేకపోయినా ఆ డబ్బా పై అరలోకి ఎక్కాల్సిందే.

ఇంతకీ అది నూనెలో ఏం చేస్తుందో తెలిస్తే మీ భయం సగం తగ్గుతుంది. నూనెకి గాలి, వెలుతురు, వేడి తగిలితే ఒక అణువు చెడుతుంది. అది ఊరుకోదు, పక్కదాన్ని చెడగొడుతుంది, అది ఆ పక్కదాన్ని. అచ్చం ఊళ్ళో పుకారు లాగే. మన ఇళ్ళల్లో కొందరి నోట్లో నువ్వుగింజ నానదు కదా, విన్నది విన్నట్టు అవతలికి చేరవేస్తారు. మరికొందరు వింటారు, కడుపులో పెట్టుకుంటారు, అక్కడితో ఆగిపోతుంది. టీబీహెచ్‌క్యూ ఆ రెండో రకం మనిషి. చెడిన అణువుకి తన హైడ్రోజన్ ఒకటి ఇచ్చి శాంతింపజేస్తుంది, తాను మాత్రం ఇంకెవరి జోలికీ పోదు. అందుకే కిలోకి చిటికెడు కూడా లేని పదార్థం నెలల తరబడి నూనెని కాపాడుతుంది.

నువ్వుగింజ అన్నాను కాబట్టి ఇంకో మాట. మీ అత్తగారు ఆవకాయ పప్పు నూనెతోనే పెడతారని పందెం కాస్తాను. ఏడాదైనా కనరెక్కదు. ఎందుకంటే నువ్వుల నూనెలో సెసమాల్ లాంటి పదార్థాలు పుట్టుకతోనే ఉంటాయి, అవి చేసేదీ ఇదే పని. ఆవిడ జాడీలోనూ యాంటీఆక్సిడెంట్ ఉందని చెప్పండి, కోపం తగ్గితే తగ్గుతుంది. తగ్గకపోతే నా పేరు చెప్పకండి.

ఇక ఆ ఎర్రగీత గీసినావిడ మాటలు. పెట్రోలు నుంచి తీస్తారన్నది ఆ ముడిసరుకుల వంశం చూస్తే నిజమే, కానీ జ్వరానికి మింగే పారాసిటమాల్ బిళ్ళదీ అదే వంశం. వంశం చూసి విషమో కాదో చెప్పలేం. క్యాన్సర్ మాట ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. దీనికి అన్నలాంటిది ఇంకొకటుంది, బీహెచ్ఏ, నంబరు 320. అది ఎలుకల ముందు పొట్టలో కణుతులు తెచ్చింది. మనుషులకు ఆ భాగమే లేదు, అయినా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని అనుమానితుల జాబితాలో పెట్టింది. వీడియోలు చేసేవాళ్ళు 319, 320 రెండింటినీ ఒకే గాటన కడతారు. టీబీహెచ్‌క్యూని అమెరికా ప్రభుత్వ సంస్థ ఎలుకలకూ చిట్టెలుకలకూ రెండేళ్ళు, ఆ పైనా మేతలో కలిపి పెట్టి 1997లో నివేదిక ఇచ్చింది. క్యాన్సర్ తెచ్చినట్టు ఆధారం దొరకలేదు. జపాన్ సంగతి నిజం. అక్కడ అనుమతించిన పదార్థాల జాబితాలో ఇది లేదు, జాబితాలో లేనిది వాడకూడదు.

అంతా భేషుగ్గా ఉందని నేనూ చెప్పను. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో చిట్టెలుకల మీద చేసిన పనిలో ఇది రోగనిరోధక కణాల తీరుని మారుస్తున్నట్టు కనిపించింది. మనుషుల్లో అలా జరుగుతుందని తేలలేదు. దానికోసం నేను నిద్ర మానుకోను, అలాగని అవసరం లేని చోట దీన్ని వేయమని ఎవరికీ చెప్పను కూడా. ఒక గ్రాము తింటే వాంతులు, చెవుల్లో హోరు అని ఫోన్లలో తిరిగే మాట మీకూ వచ్చే ఉంటుంది. ఒక గ్రాము కావాలంటే అయిదు కిలోల నూనె తాగాలి. నూనె డబ్బాతో అది సాధ్యం కాదు. మీ అలమరలో ఉన్న పొట్లంతో సాధ్యమే, దాని దగ్గరికి చివర్లో వస్తాను.

ఇప్పుడు మీకు నచ్చని మాట. ఆవిడ చెప్పిన శాస్త్రం తప్పే కావచ్చు, మీ స్టిక్కర్ మీద ఆవిడ పెట్టిన వేలు మాత్రం సరైన చోటే పడింది. చట్టం పుస్తకంలో ప్రిజర్వేటివ్ ఒక తరగతి, యాంటీఆక్సిడెంట్ ఇంకో తరగతి. ఆ లెక్కన మీరు అబద్ధం రాయలేదని వాదించొచ్చు. కానీ మీ పొట్లం కొనే మనిషి ఆ పుస్తకం చదివి కొనడం లేదు. "ఏమీ కలపలేదు" అని అర్థం చేసుకుని కొంటోంది. ఆ అర్థం వాళ్ళకి చేరాలనే కదా మీరూ రాసింది?

గ్రూపులో పెట్టదలిస్తే నేనైతే ఇంతకన్నా ఎక్కువ రాయను:

"మేము వాడే నూనెలో కంపెనీవాళ్ళే కలిపిన యాంటీఆక్సిడెంట్ 319 ఉంది. మేము విడిగా ఏదీ కలపలేదు. కానీ ప్రిజర్వేటివ్స్ లేవని రాసినప్పుడు ఈ సంగతి కూడా చెప్పాల్సింది, చెప్పలేదు. ఇకమీదట ఏ నూనెలో వేయించామో, అందులో ఏముందో పొట్లం మీద ఉంటుంది. కనరు వాసన వచ్చిన సరుకు మా పొరపాటు, డబ్బు వెనక్కి పంపుతున్నాం."

ఇది పెడితే పోయిన ఎనిమిది మందిలో ముగ్గురో నలుగురో తిరిగొస్తారు. మిగతావాళ్ళు రారు. పెట్టకుండా ఊరుకున్నా వ్యాపారం నడవొచ్చు, జనం మరిచిపోతారు. కానీ గ్రూపులో ఆ ఎర్రగీత ఫోటో అలాగే ఉంటుంది, ఈసారి ఇంకెవరి పొట్లమైనా మెత్తబడిన రోజు మళ్ళీ పైకొస్తుంది.

సరే, అసలు వాసన ఎందుకొచ్చింది? నూనెలో 319 ఉండగానే కదా కనరెక్కింది! ఆ చిక్కుముడి మీ ఉత్తరం చివర్లో మీరే విప్పారు, గమనించలేదంతే. "మిగిలింది వడగట్టి మర్నాడు కొత్తదాన్లో పోస్తాం." అమ్మా, పాలకి తోడు ఎలాగో కొత్త నూనెకి పాత నూనె అలాగ. గంటల తరబడి మరిగిన నూనెలో 319 చాలావరకు ఖర్చయిపోయి ఉంటుంది, చెడిన అణువులు మాత్రం నిండా ఉంటాయి. దాన్ని తాజా నూనెలో పోస్తే, తోడు వేసినట్టే, కొత్తదీ అదే దారి పడుతుంది. వడగట్టితే పిండి నలకలు పోతాయి, ఇది పోదు. మరిగించిన నూనెలో పోలార్ పదార్థాలు, అంటే నూనె చెడినకొద్దీ అందులో పుట్టేవి, 25 శాతం దాటితే ఇక వాడకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 జులై నుంచి పెట్టిన నియమం ఇందుకే.

నేను నూనె పరీక్షశాలలో పనిచేసిన రోజుల్లో నూనె ఎంత కనరెక్కిందో చూసే పరీక్ష ఒకటుండేది. గాజు సీసాలో నూనె తీసుకుని, అయోడైడ్ పోసి, గంజి నీళ్ళు కలిపితే చిక్కటి నీలం వస్తుంది. పైనుంచి హైపో ద్రావణం చుక్క చుక్క వదులుతుంటే ఒక్కసారి ఆ నీలం పోతుంది. తాజా నూనెకి నాలుగైదు చుక్కలు చాలు. కనరెక్కిన నూనెకి బ్యూరెట్‌లో, అంటే ఆ ద్రావణం పోసిన గీతల గాజు గొట్టంలో, మట్టం కిందికి దిగుతూనే ఉండేది. మీకు బ్యూరెట్ అక్కర్లేదు. వేయించి మిగిలిన నూనె రెండు చుక్కలు అరచేతిలో వేసి గట్టిగా రుద్ది వాసన చూడండి, పక్కనే డబ్బా నూనె రెండో చేతిలో. తేడా మీ ముక్కే చెబుతుంది.

మెత్తబడడం వేరే గొడవ. వేడివేడిగా పొట్లం కట్టేస్తే ఆవిరి లోపలే నీరవుతుంది, దానికీ నూనెకీ సంబంధం లేదు, 319కి అసలే లేదు. పల్చటి కవర్లలోంచి గాలీ వెలుతురూ దూరడం మాత్రం కనరుకీ కారణమే. ఇత్తడి మూకుడు వాడుతుంటే అది కూడా మార్చండి. ఇత్తడిలోని రాగి నూనెని తొందరగా పాడుచేస్తుంది.

అందుకే మీ మరిది పొడి ఈ జబ్బుకి మందు కాదంటున్నాను. పుకారు ఊరంతా పాకాక నోరు మూయించేవాడిని తెచ్చి ఏం లాభం? కనరెక్కడం మొదలైన నూనెని అది వెనక్కి తేలేదు. పైగా మీ డబ్బా నూనెలో కంపెనీవాళ్ళు హద్దుకి దగ్గరగా వేసే ఉండొచ్చు. దానిమీద మీరు వేస్తే హద్దు దాటినట్టే. హద్దు ఎంతో చూడండి: 15 కిలోల డబ్బాకి మూడు గ్రాములు. అంటే ఆ వంద గ్రాముల పొట్లం ముప్ఫై మూడు డబ్బాలకి, మీకు నాలుగు నెలల పైచిలుకుకి. అయిదు కిలోల జంతికల్లో నూనె కిలోన్నర ఉందనుకుంటే, దానికి 300 మిల్లీగ్రాములు. మీ వంటింటి త్రాసు గ్రాము కన్నా తక్కువ చూపించదు. చిటికెడంటే మీ వేళ్ళకి ఒక కొలత, పనిచేసే అమ్మాయి వేళ్ళకి ఇంకో కొలత. పిండిలో కలిపితే ఒక జంతికలో నలుసంత, ఇంకో జంతికలో అసలు లేకుండా పోతుంది. నేను చూసిన ఒక మిల్లులో పగటి షిఫ్టువాళ్ళు వేసింది రిజిస్టరులో రాయలేదని రాత్రివాళ్ళు మళ్ళీ వేశారు. కొలతలు, కెమిస్టు, కాగితాలు ఉన్న చోటే అలా జరిగింది.

ఇక మీ ముందున్న దారులు.

ఇప్పుడున్న నూనెతోనే కొనసాగొచ్చు. స్టిక్కర్ మార్చండి, పాత నూనె కలపడం మానండి. చిన్న మూకుడు పెట్టుకుంటే సాయంత్రానికి మిగిలేదే తక్కువ. మిగిలినదాన్ని డీజిల్ తయారీకి కొనేవాళ్ళున్నారు, మీ దగ్గరలో ఎవరైనా ఉన్నారేమో ఆహార భద్రత అధికారి ఆఫీసులో అడగండి. నూనె ఖర్చు పెరుగుతుంది, ఆ మేరకు ధర పెంచాల్సి రావచ్చు. నాకు మొగ్గున్నది ఈ దారికే.

"ఏమీ కలపనిది" అన్న మాట వదులుకోలేకపోతే నూనె మార్చండి. గానుగ వేరుశనగ నూనె పొద్దుతిరుగుడు కన్నా గట్టిది, త్వరగా కనరెక్కదు. కానీ ఖరీదు, దాని వాసన జంతికకి పడుతుంది, మీ పాత కొనుగోలుదారులకి ఆ రుచి నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు. గానుగవాడు ఏమీ కలపలేదంటే నోటిమాట నమ్మకుండా ఒకసారి ల్యాబ్‌లో చూపించండి. ఈ దారిలో పెద్ద ఆర్డర్లు ముందుగా చేసి నిలవపెట్టడం కుదరదు. అడిగినప్పుడు వేయించి పంపడమే.

దూరం ఊళ్ళకి నిలవ ఉండాల్సిందే అంటే పొడి కన్నా పొట్లం మీద డబ్బు పెట్టండి. వెండిరంగు మందపాటి కవర్లు, లోపల గాలి తీసి నైట్రోజన్ నింపే యంత్రం. ఖర్చు తక్కువేం కాదు, అయిదుగురికి జీతాలిచ్చే మీరు ఒక్క పండగ సీజను లాభం దానికి పెట్టాల్సి రావచ్చు. ముందుగా ఏ దారి పట్టినా ఒక పని చేయండి. ప్రతి వాయిలో కొన్ని పొట్లాలు అమ్మకుండా తేదీ రాసి అటక మీద పెట్టండి. వారానికోసారి ఒకటి విప్పి ముక్కుతో చూడండి, నోటితోనూ చూడండి. ఎన్నో వారం తేడా వచ్చిందో దానికి రెండు వారాలు ముందు మీ గడువు తేదీ. ఆరు నెలలని మరిది చెప్పినా, మూడు వారాలని నేను చెప్పినా నమ్మకండి, ఆ పొట్లాన్ని నమ్మండి.

మానేయడం కూడా దారే, కాదనను. కానీ పన్నెండు కిలోల జంతికల కోసం అయిదిళ్ళ పొయ్యిలు ఆపుతారా?

మరిదితో తగవు పెట్టుకోకండి. మీ మేలు కోరే తెచ్చాడు, పెద్ద కంపెనీలు వాడతాయన్నదీ అబద్ధం కాదు. "నాయనా, ఎంత కలిపావని రేపు ఎవరైనా అడిగితే కాగితం చూపించలేను, అందుకని వద్దు" అనండి. సరఫరా పనిలో ఉన్నవాడు, కాగితం మాట చప్పున అర్థమవుతుంది. అతనికే ఒక పని అప్పగించండి: మీరు కొనే నూనె కంపెనీ నుంచి డబ్బాలో 319 ఎంత వేశారో రాతపూర్వకంగా తెప్పించమనండి. మీకు అది కావాలి, అతనికి మాట నిలబడినట్టూ ఉంటుంది.

ఆఖరుగా ఆ పొట్లం. వంటసోడా పక్కన ఉందని రాశారు. రెండూ తెల్లగానే ఉంటాయి, చూపుకి తేడా దొరకదు. పొద్దున్నే పనిలోకొచ్చే అమ్మాయికి మీరు పక్క గదిలోంచి "సోడా వెయ్యవే" అని కేకేస్తారు, ఆ అమ్మాయి చేతికి ఏది దొరికితే అది స్పూనుతో వేస్తుంది. నేను పైన చేసిన లెక్కలన్నీ ఆ ఒక్క స్పూనుతో గాల్లో కలుస్తాయి. తూములో పోయకండి, చెత్తలో వేయకండి. ఈ ఉత్తరం పక్కన పెట్టి లేచి, దాన్ని మూతున్న సీసాలోకి మార్చి, "తినేది కాదు" అని పెద్ద అక్షరాలతో రాసి, వంటగది అవతల తాళం ఉన్న చోట పెట్టండి. మరిది ఈసారి వచ్చినప్పుడు పట్టుకెళ్ళిపోతాడు.